నీటితిత్తికి మాసిక

వీపున తగిలించుకొను సంచిలోని నీటితిత్తి కారుట మొదలిడగానే అది ఇక పనికిరాదని నిర్ణయించి పారవేసి, క్రొత్తది కొనుట నేడు అలవాటైనది. సూదిమొనయంత రంధ్రమునకై గట్టిగానున్న వస్తువును త్యజించుట వివేకము కాదు. ఆ రంధ్రమును పూడ్చగల చేతులు మన ఊళ్లలో ఇంకను ఉండగా వానికి పని చెప్పకుండుట అంతకంటెను తగనిదని నా అభిప్రాయము.

ఈ తిత్తి పుట్టుకయే ఉన్నదానితో పని గడుపుకొనిన బుద్ధివలన జరిగినది. 1989లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున విచిటా ఫాల్స్ పట్టణపు మండుటెండలో నూరు మైళ్ల సైకిలు పందెమునకు బయలుదేరిన మైకేల్ ఈడ్సన్ అనునతడు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించు సంచిని నీటితో నింపి, పొడవాటి మేజోడులో దూర్చి, వీపునకు తగిలించుకొని, గొట్టముద్వారా నీరు పీల్చుకొనుచు సాగెను. నేడు పర్వతారోహకులును, దూరపు పరుగువారును, సైకిలుపై దేశము చుట్టువారును దీనిని మోయుచున్నారు. మన తెలంగాణమందే భువనగిరి కొండ కలదు. 2014 మే 25న ఎవరెస్టు శిఖరమును చేరిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ శిలారోహణమునందు తొలి పాఠములు నేర్చినది ఆ కొండమీదనే. అట్టి బండపై నడివేసవి మధ్యాహ్నమున తిత్తి కారినచో తడియునది చొక్కా మాత్రమే కాదు, దిగివచ్చువరకు ప్రాణమును నిలుపవలసిన నీరు వ్యర్థమగును.

కారుచున్నదన్నంత మాత్రమున తిత్తికే చిల్లు పడినదని తలంపరాదు. పలుమారు నీరు మూతవద్దనో, గొట్టము తిత్తిని కలియుచోటనో, పంటితో నొక్కి నీరు పీల్చుకొను కవాటమువద్దనో కారును. మూతలోని రబ్బరు వాషరున ఇసుకరేణువు చిక్కినను, అది ఎండి బీటలిచ్చినను, మూత వంకరగా బిగిసినను చాలును. కావున మొదట ఆ వాషరును ఊడదీసి కడిగి తుడిచి మరల అమర్చి చూడవలెను. అప్పటికిని కారినచో గొట్టమును మడిచి కట్టి, తిత్తిలో గాలి నింపి, తొట్టి నీటిలో ముంచి మెల్లగా నొక్కినచో బుడగలు లేచినచోటే రంధ్రము. సైకిలు ట్యూబు బాగుచేయుట చూచిన ప్రతి బాలునికిని ఈ పరీక్ష తెలిసినదే. ఆ చోటును చెరగని సిరాతో గుర్తించి, తిత్తిని లోపల వెలుపల పూర్తిగా ఆరబెట్టవలెను. తడి మిగిలినచో ఏ జిగురును నిలువదు.

అయితే ట్యూబునకు వాడు సొల్యూషనునే ఇచటను పూయుట తగదు. అది రబ్బరునకై చేసినది. అందలి ద్రావకములు త్రాగునీటిని తాకదగినవి కావు. మేలైన తిత్తులు పెక్కు థర్మోప్లాస్టిక్ పాలీయురెథేన్‌తో చేయబడినవి. చిల్లు చుట్టును స్పిరిట్టుతో తుడిచి, యూరెథేన్ జిగురును వెలుపలివైపున పలుచగా పూసి, అదేజాతి పొరను మాసికగా అంటించి, రాత్రియంతయు కదపకుండ ఉంచినచో ఆ అతుకు తిత్తితోపాటు సాగుచు, మడతపడుచు నిలుచును. పాలిథీన్ తిత్తికి ఈ జిగురు పట్టదు. సిలికోనునకు సిలికోను జిగురే కావలెను. వేడిచేసి కలిపిన అంచు విడిపోయినచో మాత్రము, నొక్కుడంతయు ఆ అంచుపైననే పడును గనుక, ఆశ వదలుకొనుటయే మేలు. బాగుచేసిన తిత్తిని రెండుమూడు మారులు కడిగి, నీరు నింపి, పొడికాగితముపై ఒక పూట ఉంచి చూచిన పిదపనే ప్రయాణమునకు కొనిపోవలెను.

ఇట్టి హస్తకౌశలము మన దేవరుప్పుల సీమకు క్రొత్తది కాదు. జనగామనుండి సూర్యాపేటకు పోవు మార్గముననున్న ఈ ప్రాంతమున, కరెంటు మోటార్లు రాకపూర్వము, బావినుండి పొలమునకు నీరెక్కించినది ఎద్దులు లాగిన మోట. దాని తోలుతొండమును కుట్టినవారును, చినిగినపుడు మాసిక వేసినవారును మాదిగ వృత్తికారులు. నిజాము పాలనాకాలమున తెలంగాణమందు మోటకు కావలసిన తోలుసామగ్రిని, చెప్పులను, కాడికి కట్టు తోలుపట్టీలను వారు దొరలకు మూల్యము లేకయే సమకూర్పవలసివచ్చెను; వెట్టిచాకిరిలో ఇదియు నొక భాగము. దేవరుప్పుల మండలమునందలి కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య తుపాకిగుండ్లకు బలియైనది ఆ దొరతనమును ఎదిరించిన ఊరేగింపులోనే. నీరు జారిపోకుండ కాపాడిన చేతికి కూలి దక్కని కాలము ఈ నేలపైననే గడచినది. అందుచేతనే, ఇంత జిగురు పూసినందుకు అన్ని రూపాయలేల అని పంక్చరు దుకాణముకడ బేరమాడు మాట చెవినిబడినపుడు నాకు మిక్కిలి బాధ కలుగును. దుకాణదారుడు అడుగుచున్నది జిగురు వెల కాదు, రంధ్రమును కనుగొనిన కంటికిని, అతుకును నిలిపిన చేతికిని రావలసిన కూలి.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కునకై ఒక పోర్టలును ప్రారంభించినది. అందుకై మొదట ఎంచుకొనిన రంగములు వ్యవసాయ పరికరములు, సెల్‌ఫోన్లు మొదలగు ఎలక్ట్రానిక్ వస్తువులు, గృహోపకరణములు, వాహనములు. అది మంచి ఆరంభమే. కాని తయారీదారులు నీటితిత్తివంటి చిన్నవస్తువు విషయమున చట్టముకొరకు వేచియుండనక్కరలేదు. తిత్తి ఏ పదార్థముతో చేయబడినదో దానిపైననే తెలుగులో అచ్చువేయుటకును, వాషరును, కవాటమును, గొట్టమును విడివిడిగా అమ్ముటకును వారికి అయ్యెడి వ్యయము స్వల్పము. కొనువారును అంగడిలో రంగును, వెలను విచారించుటకు ముందే దాని వాషరు విడిగా దొరకునా యని అడుగవలెను. దొరకదన్నచో ఆ తిత్తిని అక్కడనే విడిచిరావలెను. ఇప్పటికే ఇంట కారుచున్న తిత్తి ఉన్నవారు తగిన జిగురు తెప్పించి, ఊరి పంక్చరు దుకాణమునకు కొనిపోయి, దుకాణదారునిచేత బాగుచేయించి, అతడడిగిన కూలి ఇచ్చి రండు.