పెండ్లివిందులో డీజే

మేము పెండ్లివిందులలో డీజే యంత్రముకడ నిలిచి పాటలు వినిపించువారము. పాటల నెన్నుకొనుటయే మా పనియని పలువురు తలంతురు. కాని పాట నెఱుగుటకంటె సభ నెఱుగుట కష్టము. యువకులు "ఇంకను పెంచుడు" అందురు. వృద్ధులు చెవులు మూసికొని లేచిపోవుదురు.

ఒక విందులో వరుని తాతగారు మాకడకు వచ్చి, "నాయనలారా, చాల యేండ్లకు నా చెల్లెలు వచ్చినది, దానితో నొక్కమాట చెప్పుకొననిండు" అనిరి. మేము సిగ్గుపడి ధ్వని తగ్గించితిమి. ఆటయు నాగలేదు, మాటయు సాగెను.

100 డెసిబెల్లుల మ్రోతలో దినమునకు 15 నిమిషములకు మించి యుండుట చెవికి హానియని నిపుణులు చెప్పుదురు. మేమో గంటలకొలది యందే యుందుము. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు సామాన్యముగా రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవఱకు ఆరుబయట లౌడుస్పీకర్లను నిషేధించుచున్నవి. అయినను చట్టమునకు వెఱచి యాపుటకంటె, పొరుగింటి రోగిని, పరీక్షకు చదువుకొను బాలుని తలంచి తగ్గించుట మేలు.

కావున తలిదండ్రులారా, మమ్ము పిలుచునాడు పాటల పట్టికతోపాటు ధ్వనికి హద్దును గూడ చెప్పుడు. బంధువులు కూడుట యొకరిమాట నొకరు వినుటకే కదా!