ఆయాసం లేదని మందు ఆపొద్దు

మిరప తొడిమెలు తీసే ఒక అక్క మొన్న ఎగశ్వాసతో మా ఎదుటే కూలబడింది. 108లో పెద్దాసుపత్రికి చేర్చాం. బతికింది. డాక్టరు రాసిన పీల్చే మందు ఏమైందమ్మా అంటే, "తగ్గింది గదా సారూ, పిల్లోడి ఫీజు కట్టాలని రెండు నెలల్నించీ కొనలేదు" అంది.

ఆమెను తప్పుపట్టడానికి నోరెలా వస్తుంది? బియ్యమా, మందా అని కూలి డబ్బులు లెక్కేసుకునే ఇళ్ళు మనవి. అయితే ఆ లెక్కలో ఒక పొరపాటుంది.

ఉబ్బసంలో ఊపిరిగొట్టాలు లోపల వాచి ఉంటాయి. ఆయాసం లేని రోజున కూడా ఆ వాపు ఉండొచ్చు. అందుకే మందులు రెండు రకాలు. సాల్బుటమాల్ నిమిషాల్లో గొట్టాలను వదులు చేస్తుంది. దాని బలం 4 నుంచి 6 గంటలే, వాపును అది తగ్గించదు. వాపు తగ్గించేది బ్యూడెసొనైడ్ లాంటి మందు. దాన్ని డాక్టరు చెప్పినన్నాళ్ళూ, చెప్పినట్టే పీల్చాలి. వాన మొదలయ్యాక ఇల్లు కప్పుకుంటామా? ఇదీ అంతే.

"మాత్ర మంచిది, పంపు గట్టిమందు, అలవాటైతే వదలదు" అని మన వాడల్లో ఒక భయం. ఒట్టిమాట. సాల్బుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములైతే, పంపు ఒక నొక్కుకు 100 మైక్రోగ్రాములే. అంటే నలభయ్యో వంతు! నేరుగా ఊపిరిగొట్టాల్లోకే పోతుంది గనుక అంత చాలు. వాపు మందు పీల్చాక నీళ్ళు పుక్కిలించి ఉమ్మెయ్యాలి. పీల్చడానికిచ్చిన పొడి క్యాప్సూళ్ళను మింగకూడదు. పంపుతో పీల్చలేని పిల్లలకు, పంపుకూ నోటికీ నడుమ పెట్టే స్పేసర్ కావాలి. కొనలేకపోతే? 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాతో చేసింది కూడా బాగా పనిచేస్తుందని 1999లో దక్షిణాఫ్రికా డాక్టర్లు పిల్లల మీద పరీక్షించి చూపారు. చేసే పద్ధతి డాక్టర్ని అడిగి నేర్చుకుందాం.

మరి సర్కారు సంగతి? 2022 నాటి జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఈ రెండు మందులూ ఉన్నాయి. మన పి.హెచ్.సి. బీరువాలో ఉన్నాయా? వెళ్ళి చూడండి. లేకుంటే పదిమందీ సంతకాలు పెట్టి అర్జీ ఇవ్వండి, రసీదు అడిగి తీసుకోండి.

కార్యకర్తలకు ఒక మాట. వారానికొకసారి ఉబ్బసం ఉన్నవాళ్ళ ఇంటికెళ్ళండి. మందు ఎన్నాళ్ళకు వస్తుందో చూడండి. అయిపోకముందే తెప్పించండి. పీల్చే తీరు నర్సమ్మతో సరిచూపించండి. పంపు కొట్టినా ఆయాసం దిగకపోతే, మాట తెగిపోతుంటే, తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోను చేయండి.

మందు ఆపేముందు డాక్టర్ని అడుగుదాం. మందు లేదంటే అందరం కలిసి సర్కారును అడుగుదాం.