నిఖా కుదిరిన నాటి నుంచే

కోడలు నెల తప్పాక ఖర్జూరం, బాదం, పాలు పెడతాం. అప్పటికే ఆలస్యం. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం గర్భం నిలిచిన సుమారు 28 రోజులకే మూసుకుంటుంది. అందుకే బిడ్డను కోరుకున్ననాటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ కావాలి.

మన నాయ్‌గావ్ జొన్నరొట్టె, పప్పు, మెంతికూర మంచి గిజాయే. నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఒంటబడుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే తగ్గుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మహారాష్ట్ర స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత కనిపించింది. అందరూ తిన్నాక మిగిలిందే కోడలు తినే ఇంట్లో ఏ మాజూన్ పనిచేస్తుంది? గర్భిణి హకీముకు, డాక్టరుకు చెప్పకుండా కుష్తాల జోలికి అసలు పోరాదు. ఇక గుట్కా, సిగరెట్టు మానాల్సింది దుల్హా. వాటి చెడు వీర్యం మీదా పడుతుంది.