పరిహారం వేరు, భద్రత వేరు, సీఎస్ఆర్ వేరు



మన యానాం పాలన పుదుచ్చేరిది, చుట్టూ ఉన్నది ఆంధ్ర, కాళ్ల కింద ఉన్నది కేజీ బేసిన్. సముద్రంలో చమురు, గ్యాస్ బావులు, ఏటి అవతల పొలాల కింద పైపులైన్లు. కంపెనీల వాళ్లు బడికి బల్లలు ఇస్తే మనం శాలువాలు కప్పి ఫొటోలు దిగుతున్నాం. ఇచ్చినవి వద్దనక్కర్లేదు. వాటిని దానంగా చూడటం మాత్రం మానుకోవాలి.

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. తాను పనిచేసే ప్రాంతానికి, దాని చుట్టుపక్కలకు ప్రాధాన్యం ఇవ్వాలి. బావి సముద్రంలో ఉంటే చుట్టుపక్కల అంటే ఏ ఊరు? ఆ నీళ్లలో వేటకు వెళ్లే వాళ్ల ఊరే అని మనం గట్టిగా చెప్పాలి. చేపకు రాష్ట్రాల సరిహద్దు తెలియదు కదా.

రెండో మాట ఇంకా ముఖ్యం. డ్రిల్లింగ్ వల్ల వేట ఆగిన మత్స్యకారుడికి ఇచ్చే పరిహారం అతని హక్కు. పైపులైన్ బాగోగులు చూసుకోవడం కంపెనీ సొంత పని. ఈ రెండూ సీఎస్ఆర్ కావు. చట్టప్రకారం ఎలాగూ చేయాల్సిన పనుల ఖర్చును అందులో చూపకూడదని నిబంధనలే చెబుతున్నాయి.

పాశర్లపూడి బావి 1995 జనవరి 8న అంటుకుని 65 రోజులు మండింది. నగరంలో 2014 జూన్ 27న గ్యాస్ పైపులైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. సీఎస్ఆర్ చట్టం వచ్చి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. రెండూ ఏటి అవతల కోనసీమ ఊళ్లే. ఇంత ముప్పు పక్కన బతికేవాళ్లకు బల్లలు చాలవు.

అందుకే వచ్చే సమావేశంలో మూడు వేర్వేరు అర్జీలు రాద్దాం. పరిహారానికి ఒకటి, పైపుల తనిఖీకి ఒకటి, సీఎస్ఆర్ పనులకు ఒకటి. కంపెనీలు తమ సీఎస్ఆర్ పనుల వివరాలు వెబ్‌సైట్లలో పెట్టాలి. మన చదువుకున్న పిల్లలు ముందు వాటిని తీసి, యానాం పేరు ఎక్కడుందో చూడాలి. వేటకు వెళ్లే కుటుంబాల ఆడవాళ్లను కూడా ఆ సమావేశానికి పిలుద్దాం. ఏం కావాలో వాళ్లు చెప్పాకే అర్జీ రాద్దాం.