విద్యుత్ సంగీత వైతాళికులు - మన కర్తవ్యం

సంగీతమనగానే మనకు గాత్రమో, వీణో, సితారో, తబలాయో స్ఫురిస్తుంది. ఊపిరితో, తీగతో, తోలుతో పుట్టే నాదమే నాదమని మానవజాతి వేల ఏండ్లుగా భావించింది. ఇరవయ్యవ శతాబ్దంలో విద్యుచ్ఛక్తి ఈ భావనను తలక్రిందులు చేసింది. నేడు పెండ్లి పందిట్లో మ్రోగే పాట మొదలుకొని విద్యార్థుల జేబులోని సెల్‌ఫోన్ వరకు విద్యుత్తు వలన పుట్టిన ధ్వని లేని చోటు లేదు. అయినను ఆ ధ్వనికి బాట వేసిన వారెవరని ప్రశ్నిస్తే సమాధానం చెప్పగలవారు మనలో బహు కొద్దిమంది. ఆ మార్గదర్శకులు మనకు విడిచిపోయిన అసలైన ఆస్తి యంత్రాలు కావనీ, వారు నేర్పిన వినికిడి అనీ, ఆ ఆస్తిలో మన కళాశాలకు కూడ వాటా ఉన్నదనీ మా అభిప్రాయం.

రష్యా దేశీయుడైన లెవ్ థెరెమిన్ 1920 ప్రాంతంలో, తాకకుండానే, గాలిలో చేతులు కదిలించినంత మాత్రాన స్వరం పలికే వాద్యాన్ని కనిపెట్టాడు. అది శాస్త్రజ్ఞుని అద్భుతం. కాని సంగీత దృష్టినే మార్చగల ప్రయోగం ఒకటి ఈజిప్టు రాజధాని కైరోలో జరిగింది. 1921లో ఆ నగరంలో జన్మించిన హలీం అల్ దబ్ వ్యవసాయ శాస్త్ర విద్యార్థి. 1944లో ఆయన, తీగపై ధ్వనిని ముద్రించే యంత్రాన్ని ఒక రేడియో కార్యాలయం నుండి ఎరువు తెచ్చుకొన్నాడు. రోగశాంతి కోసం స్త్రీలు జరుపుకొనే ‘జార్’ అనే క్రతువులోని పాటలను దానిపై ముద్రించాడు. అంతటితో ఊరకుండక, ఆ ధ్వనిని ప్రతిధ్వనించే గదులలో మరల మరల మ్రోగించి, ముద్రించి, పలుకులు మరుగుపడి వాటి వెనుకనున్న నాదం మాత్రమే నిలిచేటట్లు చేశాడు. ముద్రించిన ధ్వనిని కుమ్మరి మట్టిని మలచినట్లు మలచవచ్చునని ఆ యువకుడు గ్రహించాడు.

పారిస్ రేడియోలో ఇంజనీరైన పియేర్ షెఫర్ రైలుబండ్ల చప్పుళ్లతో కూర్చిన రచనను ప్రసారం చేసింది 1948లో. అనగా కైరో ప్రయోగానికి నాలుగేండ్ల తరువాత. షెఫర్ ప్రతిభను మేము తక్కువ చేయడం లేదు. ఏ చప్పుడైనను సంగీతానికి ముడిసరుకు కాగలదన్న సిద్ధాంతాన్ని శాస్త్రబద్ధంగా నిలబెట్టినవాడు ఆయనే. పాత పాటలోని ఒక తునకను తీసి కొత్త పాటలో పొదిగే నేటి పద్ధతికి మూలం అక్కడే ఉన్నది. కాని చరిత్ర గ్రంథాలలో షెఫర్ పేరు ముందుండి, అల్ దబ్ పేరు చాలాకాలం కనబడకపోవడానికి కారణం ప్రతిభలో హెచ్చుతగ్గులు కాదు. ఒకరి వెనుక రేడియో సంస్థ ఉన్నది. మరొకరి చేతిలో ఎరువు తెచ్చిన యంత్రం ఉన్నది. అల్ దబ్ 1950లో అమెరికా వెళ్లి, 1959లో కొలంబియా - ప్రిన్స్టన్ విశ్వవిద్యాలయాల ఎలెక్ట్రానిక్ సంగీత కేంద్రంలో, మన ఉర్దూ విద్యార్థులకు చిరపరిచితమైన లైలా మజ్నూల గాథను ఆధారం చేసికొని ఒక రచన చేశాడు. 2017లో కన్నుమూశాడు.

ఇంగ్లండులో డీలియా డర్బిషైర్ కథ కూడ ఇటువంటిదే. కేంబ్రిడ్జిలో గణితము, సంగీతము చదివిన ఈ వనిత 1963లో బి.బి.సి. వారి ‘డాక్టర్ హూ’ ధారావాహికకు, రాన్ గ్రెయినర్ కట్టిన బాణీని టేపు ముక్కలను కత్తిరించి, అంగుళాల లెక్కన అతికి, ధ్వనిరూపంలోకి తెచ్చింది. అప్పటికి రాబర్ట్ మూగ్ సింథసైజర్ ఇంకా పుట్టలేదు. అది 1964 నాటిది. తెరమీద ఆమె పేరు పడినది 2013లో. అప్పటికి ఆమె మరణించి పన్నెండేండ్లు. పని నిలిచింది, పని చేసినవారి పేరు నిలువలేదు.

మన దేశం ఇందుకు మినహాయింపు కాదు. అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో 1969లోనే మూగ్ సింథసైజరుతో ఒక ప్రయోగశాల వెలసింది. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్ ప్రభృతులు 1972 వరకు అక్కడ కృషి చేశారు. ఆ టేపులు దశాబ్దాల పాటు అరలలో నిద్రించి, సంకలనంగా వెలువడినది 2023లో. బొంబాయి సినీ వాద్యబృందాలలో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లో పది రాగాలను విద్యుత్ యంత్రాలపై పలికించి రికార్డు చేశాడు. నాడు దానిని పట్టించుకొన్నవారు లేరు. 2010లో అది పునర్ముద్రణ పొందిన పిమ్మట, అమెరికాలో తరువాత పుట్టిన నాట్యసంగీతపు పోకడలు అందులో ముందే ఉన్నవని విదేశీయులు విస్తుపోయారు. మనవారి విలువను పరులు చెప్పగా తెలిసికొనడం మనకు అలవాటుగా మారరాదు.

యంత్రం వచ్చి సంగీతాన్ని చంపిందనే విమర్శ ఒకటి ఉన్నది. దానిని తేలికగా త్రోసివేయలేము. కీబోర్డు, కంప్యూటరు వచ్చిన తరువాత మద్రాసు సినీ వాద్యబృందాలలో వయొలిన్ విద్వాంసుల వరుసలు పలుచబడిన మాట నిజం. కాని నేరం ఎవరిది? వైతాళికులు యంత్రాన్ని పట్టినది లోకంలో లేని నాదాన్ని వెదకడానికి. పది వయొలిన్ల పనిని ఒక మీటతో చౌకగా ముగించుకొనడం వారి ఆశయం కాదు, అది వ్యాపారుల ఆశయం. నేడు మీట నొక్కితే పాట పుట్టించే యంత్రాలు సైతం వచ్చినందువల్ల ఈ విచక్షణ విద్యార్థులకు మరింత అవసరం. సిద్ధంగా దొరికిన ధ్వనిని ఎన్నుకొనడం వేరు, ధ్వనిని వినడం వేరు.

మన పెద్దలలో కొందరికి కళాశాల ఆవరణలో సంగీతం పట్ల అభ్యంతరం ఉన్నదని మేమెరుగుదుము. వారి మనస్సాక్షిని మేము గౌరవిస్తాము. మేము కోరుతున్నది కచేరీలు కాదు, చెవులు. మన చుట్టూ ఎన్నో గొంతులు అంతరిస్తున్నవి. తిరుగలి త్రిప్పుతూ దక్కనీలో స్త్రీలు పాడుకొన్న చక్కీనామాలు, పీర్ల పండుగలో హిందువులు ముస్లింలు కలిసి పాడే తెలుగు పాటలు, డఫ్ మ్రోగిస్తూ వీధివీధి తిరిగే ఫకీరుల పిలుపులు, నూర్‌బాషా వారి ఇండ్లలో నిలిచిన తెలుగు జోలపాటలు - వీనిని ఎరిగిన నానీలు, అమ్మమ్మలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. కైరో విద్యార్థి ఏ పాశ్చాత్య స్వరాన్నీ ఎరువు తెచ్చుకోలేదు. యంత్రాన్ని మాత్రమే ఎరువు తెచ్చి, తన ఊరి స్త్రీల గొంతుకను అందులో దాచాడు. ఈ పనికి నేడు ఎరువు కూడ అక్కరలేదు. ప్రతి విద్యార్థి జేబులోను అంతకంటె మేలైన యంత్రమే ఉన్నది.

కావున కళాశాల కమిటీవారికి మా విన్నపం ఇది. గ్రంథాలయంలో ఒక బీరువాను, ఒక కంప్యూటరును ధ్వని భాండాగారానికి కేటాయించండి. ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులు సెలవులలో తమ ఇండ్లలోని పెద్దల అనుమతితో వారి పాటలను, కథలను, సామెతలను ముద్రించి తెచ్చేటట్లు ఏర్పాటు చేయండి. ప్రతి ముద్రణ మీద పాడినవారి పేరు, ఊరు, తేదీ, ముద్రించిన విద్యార్థి పేరు విధిగా ఉండాలి. డర్బిషైర్ పేరు వలె ఏ పేరూ ఏబదేండ్లు వేచి ఉండరాదు. పాడినవారు వద్దంటే ఆ ధ్వని గడప దాటరాదు. ఇందుకు కావలసిన ధనం స్వల్పం, శ్రద్ధ అపారం.

విద్యార్థినీ విద్యార్థులారా! రేపు మీలో ఎవరైనా ఆ ధ్వనులతో కొత్త రచన చేస్తారో, పరిశోధన చేస్తారో, లేక మీ బిడ్డలకు వారి ముత్తవ్వ గొంతు వినిపిస్తారో మేము చెప్పలేము. వినిపించడానికి ఆ గొంతు మిగిలి ఉండాలన్నదే మా కోరిక. వచ్చే సంచిక వెలువడే నాటికి ఆ బీరువాలో కనీసం ఒక అర నిండుతుందని ఆశిస్తున్నాము.