మా తాటాకుల కట్ట చదివే పిల్లకి కూలి ఎవరిస్తారు?

కోవిల్‌పట్టి పక్క కరిసల్ నేల మాది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో తమిళం. మా పెద్దలు ఈ సీమకి ఎప్పుడొచ్చారని అడిగితే అవ్వ "నాయకుల కాలాన" అంటుంది. అంతకు మించి చెప్పలేదు. ఆధారం అంటూ ఏదన్నా ఉంటే అది మా అటక మీది చెక్కపెట్టెలోనే ఉండాలి. అందులో 43 తాటాకుల కట్ట ఒకటి, కొన్ని పాత క్రయపత్రాలు, తాత రాసుకున్న లెక్కల పుస్తకం ఉన్నాయి. ఏటా సంక్రాంతికి ముందు పెట్టె దించుతాం, దుమ్ము దులుపుతాం, ఆకులకి నిమ్మగడ్డి నూనె పూస్తాం, మళ్ళీ అటకెక్కిస్తాం. చదవటం మాత్రం మాలో ఎవరికీ రాదు.

మూడేళ్ళ కిందట ఒక అమ్మాయి వచ్చింది. చరిత్రలో పరిశోధన చేస్తోంది. తమిళం పిల్లే, తెలుగు తనంతట తాను నేర్చుకుంది. నెలకి రెండు శనివారాలు బస్సెక్కి వచ్చేది, మా వసారాలో కూర్చుని ఆకు తరవాత ఆకు చదివేది. పాత రాతలో మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. వలపలగిలకలు, బండి ఱలు, మధ్యలో తమిళపు కొలతలు. లిపి తెలుగే గానీ మాటల్లో సగం ఈ నేలవి. తొమ్మిది ఆకులు చదివింది. చెరువు నీళ్ళ వంతుల మీద రెండూళ్ళ మధ్య తగాదా అని తేలింది. ఎవరు సాక్షులో, ఎవరు తీర్పరులో పదో ఆకు నుంచి వస్తుందని చెప్పింది.

పదో ఆకు దాకా రాలేదు. ఆమెకి రావాల్సిన ఫెలోషిప్ డబ్బు ఏడు నెలలు ఆగింది. బస్సు చార్జీ మేమిస్తామంటే సిగ్గుపడి వద్దంది. చివరికి ఒక ప్రైవేటు బడిలో సోషల్ టీచరుగా చేరిపోయింది. ఆ సంగతి విని అవ్వ అన్న మాట ఇది: "కళ్ళు పోగొట్టుకుని చదివే పిల్లకి కూలి ఇయ్యకుంటే ఎట్టబ్బీ చదువుతాది?"

ఈసారి మేం రాసేదంతా ఆ ప్రశ్న గురించే. మర్యాదగా రాయాలని చూశాం, కుదరలేదు.

ముందు డబ్బు లెక్క చూద్దాం, ఎందుకంటే చరిత్ర గురించి పెద్ద మాటలు మాట్లాడేవాళ్ళెవరూ ఆ లెక్క చూడరు. యూజీసీ జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. మంచి మొత్తమే. అది రావాలంటే నెట్ పరీక్షలో పైవరసలో నిలవాలి. చరిత్ర ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంటుంది. తమిళ మీడియంలోనో తెలుగు మీడియంలోనో ఎమ్మే చదివిన పిల్లకి అక్కడే ఒక గోడ. 2024 జూన్‌లో పరీక్ష పెట్టి, మర్నాడే రద్దు చేశారు. ఒక ఏడాది సిద్ధమైన పిల్లలు మళ్ళీ మొదటికి వచ్చారు.

ఆ ఫెలోషిప్ రానివాళ్ళకి ఏముంది? కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్‌తో పనిలేని పీహెచ్‌డీ ఫెలోషిప్ ఏళ్ళ తరబడి నెలకి 8,000 దగ్గరే నిలిచింది. 1972లో పెట్టిన భారత చరిత్ర పరిశోధన మండలి, అంటే ఐసీహెచ్ఆర్, ఇచ్చే జూనియర్ ఫెలోషిప్ చాలా ఏళ్ళు 17,600గా ఉండిపోయింది. అది వచ్చినా ఊరు వదిలి ఊళ్ళో గది అద్దె, మెస్సు, బస్సు పోగా ఏం మిగులుతుంది? మామూలు రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరి, ఏ ఫెలోషిప్పూ దక్కని పిల్ల మాటేమిటి? మా అమ్మాయి లాంటివాళ్ళంతా అక్కడే ఉన్నారు.

రెండో సంగతి హద్దులది. మన దేశంలో చరిత్రకి డబ్బు రాష్ట్రాల లెక్కన పారుతుంది, చరిత్రేమో ఆ హద్దులు పుట్టక ముందే జరిగిపోయింది. మధుర నాయకులు, తంజావూరు నాయకులు తెలుగు మాట్లాడుతూ తమిళ నేలని ఏలారు. రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు, రంగాజమ్మ, చేమకూర వేంకటకవి అందరూ తంజావూరువాళ్ళే. వాళ్ళ కావ్యాలు తెలుగు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి, బాగుంది. అదే కాలంలో చెరువు తవ్వినవాళ్ళు, పాళెం కాపలా కాసినవాళ్ళు, మగ్గం నేసినవాళ్ళు, తోలు పని చేసినవాళ్ళ కాగితాలు ఎవరు చూడాలి? చెన్నైకి అది తెలుగు వ్యవహారం. హైదరాబాదుకి, అమరావతికి అది తమిళనాడు వ్యవహారం.

2008లో తెలుగుకి ప్రాచీన హోదా వచ్చినప్పుడు మేమూ మిఠాయిలు పంచాం. దాని అధ్యయన కేంద్రం మైసూరులో కొన్నేళ్ళుండి తరవాత నెల్లూరుకి వచ్చింది. 1985లో హైదరాబాదులో పెట్టిన తెలుగు విశ్వవిద్యాలయం రాష్ట్రం చీలాక పంపకాల మాటల్లో పడింది. కేంద్రం ఎక్కడుండాలి, పేరేం పెట్టాలి అన్న చర్చలకి దొరికిన ఓపికలో పదో వంతు, హద్దు అవతల ఉన్న ఆకులు ఎవరు చదువుతారన్న దానికి దొరికితే చాలును.

మా పిల్లలే చదవొచ్చు కదా అంటారు. ఎలా చదువుతారు? తమిళనాడులో 2006 చట్టంతో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. తమిళం మీద మాకు పేచీ లేదు, అది మా నోటి మాట, మా అన్నం. ఇదే నేలవాడు కి. రాజనారాయణన్, ఇడైసెవల్ ఊరివాడు, తెలుగు ఇంటివాడు. మన వలస కథని 'గోపల్ల గ్రామం' నవలగా తమిళంలోనే రాశాడు. దాని తరవాతి నవలకి 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. కానీ తెలుగు అక్షరాలు నేర్పే పంతులు లేని బడిలో చదివిన మా మనవలు రేపు ఈ ఆకుల మీద గీతలు తప్ప అక్షరాలు చూడలేరు. నవల మనకి దక్కింది. దాని వెనక ఉన్న దస్తావేజు చదివే మనిషే లేడు.

మూడోది అన్నింటికంటే మండే సంగతి. దళిత విద్యార్థులకీ, సంచార జాతులకీ, భూమిలేని కూలీల పిల్లలకీ విదేశాల్లో చదవటానికి కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. 2022లో దాని నిబంధనలు మార్చి, భారతదేశ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, సామాజిక అధ్యయనాల మీద చేసే పరిశోధన దాని కిందకి రాదన్నారు. మా చుట్టుపక్కల ఊళ్ళలో అరుంధతీయుల ఇళ్ళలో తెలుగే ఇంటిభాష. వాళ్ళ పిల్ల ఒకతె తన తాతల చరిత్ర మీద పైచదువుకి వెళ్తానంటే ఆ పథకం తలుపు మూసుంటుంది. వాళ్ళింట్లో మా ఇంట్లో లాగా పెట్టె కూడా లేదు. పెట్టెలు మిగిలింది భూమి ఉన్నవాళ్ళకే. మిగతావాళ్ళ చరిత్ర ముసలివాళ్ళ నోట ఉంది, ముసలివాళ్ళు ఏటా తగ్గిపోతున్నారు.

"ఇంత గొడవెందుకు? ఫోన్‌లో ఫోటోలు తీసి పెట్టుకుంటే సరిపోదా?" అన్నాడు మామ. ప్రభుత్వమూ దాదాపు అదే దారిలో ఉంది. 2025 బడ్జెట్‌లో జ్ఞాన భారతం అని కోటికి పైగా రాతప్రతుల సర్వే, సంరక్షణ ప్రకటించారు. రాతప్రతుల మిషన్ కేటాయింపు మూడున్నర కోట్ల నుంచి 60 కోట్లకి పెంచారు. సంతోషం, ఫోటో కావాల్సిందే. చెదపురుగు మన కోసం ఆగదు. కానీ మామా, ఫోటో తీస్తే ఆకు చదివినట్టు కాదు. అటక మీద చదవలేని ఆకు రేపు కంప్యూటర్‌లోనూ చదవలేని ఆకుగానే ఉంటుంది. కెమెరాకి డబ్బుంది, స్కానర్‌కి డబ్బుంది. గొలుసుకట్టు రాతని విడదీసి చదవగల మనిషిని తయారు చేయటానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళకి కూలి ఎవరిస్తారన్నదే మా ప్రశ్న.

ఇది కొత్త అన్యాయమేం కాదు. కాలిన్ మెకంజీ పేరు మీద ఉన్న కైఫీయతుల వెనక ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరుల కాళ్ళనొప్పులున్నాయి. అన్న బొర్రయ్య 1803లో పోతే తమ్ముడు లక్ష్మయ్య ఆ పని భుజాన వేసుకున్నాడు. 1821లో మెకంజీ పోయాడు. ఆ పని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య 1830లలో అడిగితే, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు, ఇతను సహాయకుడిగా పనికొస్తాడు గానీ పని నడిపేవాడు కాడని తేల్చారు. డబ్బు విలియం టేలర్ అనే మిషనరీకి పోయింది. ఆకులు సేకరించి, భాషలు తెలిసి, ఊరూరా తిరిగినవాడికి రాలేదు. ఇవాళ వసారాలో కూర్చుని చదివే పిల్లని మనం చూస్తున్న చూపు దానికి ఎంత దూరం?

సి.పి. బ్రౌన్ సంగతీ అందరికీ తెలుసు. కడపలో పండితుల్ని పెట్టి సొంత డబ్బు ఇచ్చి ప్రతులు రాయించాడు, అప్పులూ చేశాడు. ఏటా ఆయన పటానికి దండ వేస్తాం. ఆయన జీతమిచ్చి పండితుల్ని పోషించాడన్న భాగాన్ని మాత్రం ఆచరణలోకి తేం.

ఇప్పుడు మన సంఘాల వంతు. చుట్టాలు కోప్పడినా సరే. ప్రతి జిల్లాలో మనకి తెలుగు సంఘం ఉంది, కుల సంఘం ఉంది, కల్యాణమండపం ఉంది. మహాసభ పెడతాం. శాలువాలు, జ్ఞాపికలు, రెండు పూటలా భోజనాలు, వేదిక మీద ముప్ఫై మంది. కృష్ణదేవరాయల పేరు ఇరవై సార్లు వినిపిస్తుంది. ఆ సభలో ఒక్క పరిశోధక విద్యార్థికి "నీకు ఈ ఏడు బస్సు చార్జీ మాది" అన్నవాళ్ళని మేమింతవరకు చూడలేదు. నెలకి 20,000 చొప్పున ఏడాదికి 2,40,000. ప్రయాణాలకి ఇంకో 30,000. మూడు లక్షల లోపే. ఒక సభ ఖర్చు. మొన్న మా బంధువుల ఇంట పెళ్ళికి పూల అలంకారానికే అంతకు దగ్గరగా అయింది.

మేం అడిగేవి పెద్దవేం కావు. ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాలు తెలుగు చరిత్ర మీద ఇచ్చే ఏ ఫెలోషిప్‌లోనైనా స్థానికత నిబంధన తీసెయ్యాలి. కోవిల్‌పట్టిలో, హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో ఉన్న తెలుగు కాగితం చదివే ఎవరికైనా అది అందాలి. ఆ చదివే మనిషి తమిళుడైనా కన్నడిగుడైనా సరే. పాత లిపులు నేర్పే శిక్షణకి వచ్చేవాళ్ళకి భత్యం ఇవ్వాలి. ఇచ్చే ఫెలోషిప్ నెలనెలా ఇవ్వాలి, ఏడాదికోసారి బాకీ తీర్చినట్టు కాదు. నోటి చరిత్ర సేకరించేవాళ్ళని కూడా చరిత్రకారులుగానే లెక్కపెట్టాలి.

ఇక ఇది చదివే పిల్లలకి రెండు మాటలు. ఐసీహెచ్ఆర్‌లో ఫెలోషిప్పే కాదు, అధ్యయన యాత్రకి విడిగా గ్రాంటు ఉంది. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం బెంగళూరులో ఉంది, వెళ్ళి అడగండి. లండన్ బ్రిటిష్ లైబ్రరీ 2004 నుంచి నడుపుతున్న అంతరించిపోతున్న దస్తావేజుల కార్యక్రమం ఇళ్ళలోని కాగితాల్ని ఉన్నచోటే డిజిటల్ చేయటానికి గ్రాంటులిస్తుంది, అసలు కాగితం దేశం దాటదు. చెన్నైలో రోజా ముత్తయ్య గ్రంథాలయం ఒక మనిషి ఇంట్లో కూడబెట్టిన పుస్తకాలతోనే 1994లో మొదలైంది. ఇంటి పెట్టె గ్రంథాలయం కాగలదని నమ్మటానికి అది చాలు.

పెట్టెలున్న ఇళ్ళవాళ్ళకి ఒక మాట. అసలు ఆకులు ఎవరికీ ఇవ్వకండి, కానీ వసారాలో కూర్చోనివ్వండి. చదివిన దాంట్లో మన పెద్దల తప్పు బయటపడినా నోరు నొక్కకండి. మా చెరువు తగాదాలో తప్పు మా ఊరిదేనేమో, మాకూ తెలీదు.

మా వంతుగా మేం చేసింది ఇది. అన్నదమ్ముల పిల్లలం తొమ్మిది మందిమి కలిసి ఏడాది పాటు నెలకి తలా 2,000 వేసుకుందాం అనుకున్నాం. అంటే నెలకి 18,000. పోయిన వారం ఆ అమ్మాయికి ఫోన్ చేశాం. బడి వదలటం ఇప్పుడు కుదరదంది, ఎండాకాలం సెలవుల్లో వస్తానంది. ఆ రెండు నెలలకి ఆమెది ఆమెకి ఇస్తాం. మిగతా పది నెలలకి పాత తెలుగు రాత చదవగలిగిన, లేదా చదవటం నేర్చుకోవాలని ఉన్న ఇంకొకరు కావాలి. ఊరు ఏదైనా, కులం ఏదైనా, ఇంటిభాష ఏదైనా ఫరవాలేదు. భోజనం అవ్వ పెడుతుంది. మీ ఎరికలో ఎవరన్నా ఉంటే పంపించండి. ఇంకా 34 ఆకులున్నాయి.