ఘారాపురి: మూగవోయిన శాసనము

ముంబయి రేవునుండి తూర్పుగా సముద్రముపై ఇంచుమించు 10 కిలోమీటర్లు పోయినచో ఘారాపురి ద్వీపము కానవచ్చును. అచ్చట నిలిచియుండిన ఏనుగు శిలావిగ్రహమును బట్టి పోర్చుగీసువారు దానికి ఎలిఫెంటా యని పేరిడిరి. ఆ ఏనుగు నేడు ముంబయి నగరమునందలి జిజామాతా ఉద్యానమున నున్నది. శివుడు మాత్రము తన గుహను విడువలేదు.

కొండను తొలిచి మలచిన ఆ మహామందిరమున నాలుగు ద్వారముల గర్భాలయములో లింగమూర్తి వెలసియున్నాడు. గోడలయందు గంగాధరుడు, అర్ధనారీశ్వరుడు, నటరాజు, అంధకాసుర సంహారమూర్తి, పార్వతీ కల్యాణము, కైలాసమునెత్తు రావణుడు కలరు. దక్షిణ కుడ్యమున 5 మీటర్లకు మించిన యెత్తుతో మూడు ముఖముల మహామూర్తి దర్శనమిచ్చును. జనులు త్రిమూర్తి యందురు, పండితులు సదాశివుడందురు. ఒక ముఖమున రౌద్రము, ఒక ముఖమున లాలిత్యము, నడిమి ముఖమున ఈ రెంటికిని అతీతమగు ప్రశాంతి. లోకమున పరస్పర విరుద్ధములుగా దోచునవన్నియు ఒక్క తత్త్వమునందే లీనమగునని మన పూర్వులు గ్రంథములలో వ్రాయుటయే గాక రాతిపై మలచి చూపిరి.

ఇట్టి మందిరమును నిర్మించినవారెవరు? ఈ ప్రశ్నకు నిశ్చయమైన సమాధానము నేటికిని లేదు. కొంకణ మౌర్యులని, చాళుక్యులని, రాష్ట్రకూటులని పలువురు పలువిధముల చెప్పిరి. క్రీ. శ. 6వ శతాబ్ది మధ్యమున కలచురుల యేలుబడిలో నిది వెలసినదని నేడు పెక్కుర యభిప్రాయము. అభిప్రాయమే కాని నిర్ణయము కాదు. ఏలయన, చెప్పవలసిన శాసనము పోయినది.

1534లో గుజరాతు సుల్తాను ఆ ప్రాంతమును పోర్చుగీసువారి కప్పగించెను. గుహాద్వారముపైనుండిన శాసనశిలను వారు ఊడదీసి తమ రాజునకు పంపిరనియు, దానిని చదువగలవారెవరును లభింపలేదనియు, పిదప ఆ రాయి కానరాకుండ పోయినదనియు వారి చరిత్రకారుడు దియోగో దో కూటోయే వ్రాసియుంచెను. విగ్రహముల చేతులు విరిగినవి, పాదములు పోయినవి; అయినను మిగిలిన ముఖమును జూచి శిల్పి హృదయమును గ్రహింపగలము. పోయిన అక్షరమును దేనిని జూచి గ్రహింపగలము? ఘారాపురికి గలిగిన నష్టములన్నిటిలో నిదియే గొప్పదని మా యభిప్రాయము.

అదే శతాబ్దమున, 575 ప్రాంతమున, కడప సీమలోని కలమళ్ళలో రేనాటి చోడ ధనంజయుని శాసనము వెలసినది. శిథిలమైన ఆ కొలది పంక్తులే తెలుగు భాష ప్రాచీనతకు సాక్ష్యము పలుకుచున్నవి. అవియు పోయియుండినచో మన మే నోటితో మాటాడియుందుము?

పరాయివాడు చదువనేరక పోగొట్టినాడు. చదువుకొన్న మనము చేయుచున్నదేమి? గుడి బాగుచేయు నెపమున శాసనముపై సున్నము పూయువారు మన గ్రామములలో లేరా? అక్షరములున్న బండను మెట్టుగా వేసి త్రొక్కువారు లేరా? ప్రాచీన గుహల గోడలపై తమ పేర్లు చెక్కివచ్చు విద్యావంతులు లేరా? పోర్చుగీసువారిని నిందించుట సులభము. ఆ నిందకు మనము పాత్రులము గాకుండుట కష్టము.

1987లో ఘారాపురి ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినది. సంతోషమే. కాని కీర్తితోడనే కర్తవ్యము తీరదు. పోయిన శిల జాడకై పోర్చుగలు ప్రభుత్వ సహకారముతో లిస్బను సంగ్రహాలయములను, ప్రాచీన పత్రములను శ్రద్ధగా వెదకింపవలసినదని భారత ప్రభుత్వమును కోరుచున్నాము. అది దొరకునో దొరకదో. వెదకకుండుట మాత్రము తగదు. ఇక తెలుగు గ్రామములలో నున్న శాసనములను గాపాడుకొనుటకు ఎవరి సహకారమును అక్కరలేదు. ప్రాచీన సంస్కృతిని రక్షించుట పౌరుని ధర్మమని మన రాజ్యాంగము 51ఎ అధికరణమున చెప్పుచున్నది. ఆలయ ధర్మకర్తలు, ఉపాధ్యాయులు, గ్రామ పెద్దలు తమ యూరి శాసనముల నొకమారు వెదకి, శుభ్రపరచి, వాని ఛాయాచిత్రములను తీయించి, పురావస్తు శాఖకు దెలుపుదురుగాక.

రాయి ఊరకే యున్నదని తలపకుడు. అది మన పేరును మోయుచున్నది.